హక్కుతో దాటేవారు, అనుమతితో దాటేవారు

మన వాళ్ళలో చాలామందికి షెంగెన్ అనగానే పాస్‌పోర్టు పేజీలో అతికించిన వీసా గుర్తుకు వస్తుంది. నిజానికి అది ఒక ఊరి పేరు. లక్సెంబర్గ్ దేశానికి ఆగ్నేయపు కొసన, మోసెల్ నది ఒడ్డున, ద్రాక్షతోటల వాలు కింద ఒదిగి ఉన్న చిన్న ఊరు. వంతెన దాటితే అవతలి ఒడ్డున జర్మనీకి చెందిన పెర్ల్ పట్టణం ఉంటుంది. నది వెంట దక్షిణంగా కాసేపు నడిస్తే ఫ్రాన్స్ వస్తుంది. ఈ శరదృతువులో ఒక ఆదివారం నేను ఆ వంతెన మీదుగా జర్మనీకి నడిచి వెళ్ళి, గంటలోపే తిరిగి వచ్చాను. దారిలో గేటు లేదు, అడిగిన మనిషి లేడు. నీలిరంగు పలక మీద పన్నెండు నక్షత్రాలు, వాటి మధ్య దేశం పేరు, అంతే. సైకిలు మీద నన్ను దాటిపోయిన పిల్లలు ఆ పలక వైపు తల కూడా తిప్పలేదు. దేశం మారడం వాళ్ళకు వీధి మారడం కన్నా పెద్ద విషయం కాదు. యూరప్ పౌరసత్వం లేకుండా లక్సెంబర్గ్‌లో ఉద్యోగం చేస్తున్న నాకు మాత్రం ఆ పలక కనబడిన ప్రతిసారీ, జేబులో నివాస అనుమతి కార్డు ఉన్నదో లేదో చేయి దానంతట అదే తడిమి చూస్తుంది.

1985 జూన్ 14న ఇక్కడే, ప్రిన్సెస్ మారీ ఆస్ట్రిడ్ అనే పర్యాటక నౌక మీద, ఐదు దేశాల ప్రతినిధులు సంతకాలు చేశారు. బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, ఫ్రాన్స్, నాటి పశ్చిమ జర్మనీ. ఇక్కడ మోసెల్ నది జర్మనీ, లక్సెంబర్గ్ రెండింటికీ ఉమ్మడి సొత్తు, నది మధ్యలో సరిహద్దు గీత లేదు. సరిహద్దు తనిఖీలను తొలగించే ఒప్పందానికి ఇంతకన్నా తగిన చోటు దొరకదు. అయితే ఆ రోజు ఆ నౌక మీదికి దేశాధినేతలు ఎవరూ రాలేదు. సంతకాలు పెట్టినది సహాయమంత్రుల స్థాయి వారు. ఖండం తీరును మార్చబోయే కాగితం అదని ఆనాడు ఎక్కువమంది అనుకోలేదు.

ఆ ఒప్పందానికి దారి తీసిన సంగతి నాకు ఇంకా ఎక్కువ నచ్చుతుంది. 1984 ఫిబ్రవరిలో, సరిహద్దుల దగ్గర సుంకం అధికారుల జాప్యానికి విసిగిపోయిన లారీ డ్రైవర్లు ఫ్రాన్స్ రహదారులను దిగ్బంధం చేశారు. సరుకు లారీలు చలిలో రోజుల తరబడి నిలిచిపోయాయి. ఆ ఏడాది జూలైలో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ ప్రతినిధులు జార్‌బ్రూకెన్‌లో తమ రెండు దేశాల మధ్య తనిఖీలను క్రమంగా తగ్గించుకునే ఒప్పందం కుదుర్చుకున్నారు. దాని మరుసటి సంవత్సరమే షెంగెన్. ఆ తొలి ఒప్పందంలో ఒక చిన్న నిబంధన ఉన్నది: కారులో ఉన్నవారు నిబంధనలన్నీ పాటిస్తున్నామని తెలిపేందుకు ముందు అద్దానికి కనీసం ఎనిమిది సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఆకుపచ్చని బిళ్ళ అతికించుకోవచ్చు, అలాంటి కార్లను ఆపకుండా వేగం తగ్గించి పోనిస్తే చాలు. యూరోపియన్ అనే గుర్తింపుకు గుర్తుగా అందరూ జెండాను, గీతాన్ని, బీథోవెన్ సంగీతాన్ని చెబుతారు. నా మటుకు ఆ ఆకుపచ్చని బిళ్ళే సరైన గుర్తు. రోడ్డు మీద ఆగి ఆగి విసిగిన మనుషుల అవసరంలోంచి అది పుట్టింది.

ఇక్కడ రెండు విషయాలను విడదీసి చెప్పుకోవాలి, ఎందుకంటే వార్తల్లోనూ మన మాటల్లోనూ ఇవి తరచుగా కలిసిపోతుంటాయి. సరిహద్దు దగ్గర తనిఖీ లేకపోవడం ఒకటి, సరిహద్దు అవతల బ్రతికే హక్కు ఉండటం మరొకటి. ఐర్లండ్ షెంగెన్‌లో, అంటే తమ మధ్య తనిఖీలు ఎత్తివేసుకున్న దేశాల కూటమిలో, లేదు. కాబట్టి జర్మనీ పౌరుడు డబ్లిన్ విమానాశ్రయంలో పాస్‌పోర్టో గుర్తింపు కార్డో చూపించాలి. చూపించిన తరువాత ఆ రోజే ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు, ఉద్యోగంలో చేరవచ్చు, ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. నేను లక్సెంబర్గ్ నుంచి ఫ్రాన్స్‌కు మామూలుగా ఏదీ చూపించకుండానే వెళ్ళగలను. కానీ అక్కడ ఒక్క రోజు ఉద్యోగం చేయాలన్నా ఆ దేశం నాకు విడిగా అనుమతి ఇవ్వాలి. ఏ 180 రోజుల కాలంలోనైనా 90 రోజులకు మించి నేను అక్కడ ఉండకూడదు. గేటు లేనంత మాత్రాన దారి నాదైపోదు. గేటు ఉన్నా దారి వారిదే.

ఆ హక్కు ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే బెల్జియంలో షార్లెరువా పక్కన ఉన్న మార్సినెల్ గనికి వెళ్ళాలి. నేను బెల్జియంలో ఉద్యోగం చేసిన మూడేళ్ళలో రెండుసార్లు వెళ్ళాను. ఇప్పుడది స్మారక స్థలం. 1946లో ఇటలీ, బెల్జియం ఒక ఒప్పందం చేసుకున్నాయి: ఇటలీ తన మనుషులను గని పనికి పంపుతుంది, బెల్జియం బదులుగా బొగ్గు అమ్ముతుంది. యాభై వేలమందిని పంపాలన్నది మాట. వచ్చినవారిలో చాలామందికి, యుద్ధ ఖైదీల కోసం కట్టిన రేకుల షెడ్లలోనే బస. కొన్నేళ్ళు గనిలో పని చేస్తే తప్ప మరో పనిలోకి మారే వీలు లేదు. 1956 ఆగస్టు 8 ఉదయం ఆ గనిలో మంటలు రేగి 262 మంది చనిపోయారు. వారిలో 136 మంది ఇటలీ నుంచి వచ్చినవారే. స్మారకంలో ఆ పేర్లు చదువుతూ వెళుతుంటే ఒకే ఇంటిపేరు మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. అన్నదమ్ములో, ఒకే ఊరివారో అయి ఉంటారు. మనిషిని బొగ్గుతో తూచి పంపిన ఒప్పందానికి చివర ఏమి మిగిలిందో ఆ గోడ ముందు నిలబడితే తెలుస్తుంది.

మరుసటి ఏడాది, 1957 మార్చి 25న, ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కు పునాది వేసిన రోమ్ ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ఒక సభ్య దేశపు కార్మికుడు మరో సభ్య దేశంలో స్థానికుడితో సమానంగా పని చేసే స్వేచ్ఛ అందులో చేరింది. దానికి ముందు 1951 నాటి బొగ్గు, ఉక్కు ఒప్పందంలో నైపుణ్యం ఉన్న కార్మికులకు మాత్రమే వర్తించే చిన్న అవకాశం ఉండేది. ఈ స్వేచ్ఛ కోసం ఇటలీ పట్టుబట్టింది. ఇంటి దగ్గర పని దొరకని లక్షలమంది ఆ దేశానికి ఉన్నారు. 1968లో వచ్చిన నిబంధనతో ఆ స్వేచ్ఛ పూర్తిగా అమలులోకి వచ్చింది. జీతంలో, పని షరతుల్లో, సామాజిక సదుపాయాల్లో తేడా చూపరాదని, కుటుంబాన్ని వెంట తెచ్చుకోవచ్చని అది చెప్పింది. పన్నెండేళ్ళ కిందట సరుకు మారకంగా కదిలిన మనిషి ఇప్పుడు హక్కుతో కదులుతున్నాడు. యూరప్ ఏకీకరణ గురించి ఎన్ని పుస్తకాలు ఎంత రాసినా, నాకు అందులో అన్నిటికన్నా పెద్ద అడుగు ఇదే.

తరువాతి కాలంలో ఈ హక్కు కార్మికుడి చేతిలోంచి పౌరుడి చేతిలోకి వచ్చింది. 1992లో సంతకాలై, 1993 నవంబరు 1న అమలులోకి వచ్చిన మాస్ట్రిక్ట్ ఒప్పందం యూరోపియన్ యూనియన్ పౌరసత్వం అనే దానిని సృష్టించింది. సొంత దేశపు పౌరసత్వాన్ని అది తీసివేయదు, దాని పక్కన చేరుతుంది. వేరే సభ్య దేశంలో నివసించేవారు అక్కడి మునిసిపల్ ఎన్నికల్లో ఓటు వేయవచ్చు, పోటీ కూడా చేయవచ్చు. బెల్జియంలో చదువుకుంటున్న ఒక ఫ్రెంచ్ విద్యార్థి కేసు లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానానికి వచ్చింది. మూడేళ్ళు చిన్న చిన్న పనులు చేసుకుంటూ చదివిన ఆ అబ్బాయి, చివరి ఏడాది కనీస జీవన భత్యం అడిగితే, మొదట ఇచ్చి, తరువాత నువ్వు మా దేశస్థుడివి కావు, కార్మికుడివీ కావు అని ఆపేశారు. 2001లో న్యాయస్థానం అతని పక్షాన నిలిచింది. యూనియన్ పౌరసత్వం సభ్య దేశాల ప్రజలకు మౌలిక హోదా కాబోతున్నదని తీర్పులో రాసింది. ఒక పేద విద్యార్థి నెలవారీ ఖర్చుల దగ్గర ఇంత పెద్ద మాట పుట్టడం చిన్న సంగతి కాదు.

యూరోపియన్ అంటే ఎవరు అని అడిగితే గ్రీకుల నుంచి మొదలుపెట్టి, రోమన్ చట్టం, క్రైస్తవం, జ్ఞానోదయ యుగం అంటూ చెప్పుకొస్తారు. అవేవీ అబద్ధాలు కావు. అయితే నాతో పనిచేసేవారు తమను యూరోపియన్లమని చెప్పుకున్నప్పుడు వారి మనసులో ఉండేవి అవి కావని నాకు అనిపిస్తుంది. మా ఆఫీసులో ఒకావిడ పోర్చుగల్‌లో పుట్టి, లక్సెంబర్గ్‌లో పెరిగి, జర్మన్‌ను పెళ్ళి చేసుకొని, ఫ్రాన్స్‌లో తియోన్‌విల్ దగ్గర ఇల్లు కొనుక్కున్నది. పిల్లలు ఇంట్లో మూడు భాషలు మాట్లాడతారు. ఏ భాషలో తిడితే అమ్మకు నిజంగా కోపం వచ్చినట్టో వాళ్ళకు తెలుసు. మీరు ఏ దేశస్థులని అడిగితే ఆమె కాసేపు ఆగి, ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు లేదు కనుక యూరోపియన్‌నని చెబుతుంది. ఇలా నిత్యం సరిహద్దు దాటి లక్సెంబర్గ్‌కు పనికి వచ్చేవారు రెండు లక్షలకు పైగా ఉన్నారు. ఈ దేశంలో పనిచేసేవారిలో దాదాపు సగం వారే. ఉదయం ఆరున్నరకు మెట్జ్ నుంచి వచ్చే రైలులో కాఫీ కప్పులతో నిలబడి నిద్రమొహాలతో ఊగుతున్నవారిని చూస్తే, ఈ గుర్తింపు ఎక్కడ తయారవుతున్నదో కంటికి కనబడుతుంది. రోజూ చేసే పనిలోంచి వచ్చినది కనుకనే అది గట్టిగా ఉన్నది. రోజూ చేసేది కనుకనే దానిని ఎవరూ గమనించరు కూడా.

ఇక్కడ అద్దెలు ఎక్కువని ఆ సహోద్యోగులందరూ సరిహద్దు అవతలికి మారారు. నన్ను కూడా రమ్మంటారు, మనసారానే అంటారు. నేను మారాలంటే ఆ దేశపు నివాస అనుమతిని కొత్తగా సంపాదించుకోవాలని, ఇక్కడి అనుమతి నాతో పాటు సరిహద్దు దాటదని చెప్పినప్పుడు వారి ముఖాల్లో నిజమైన ఆశ్చర్యం కనబడుతుంది. తమ చేతిలో ఉన్నది హక్కు అని, పక్క సీటులో ఉన్నవాడికి అది లేదని వారికి ఎప్పుడూ తట్టి ఉండదు.

ఈ స్వేచ్ఛకు మూల్యం చెల్లించిన ఊళ్ళను కూడా మరిచిపోకూడదు. 2004 మే 1న పది దేశాలు యూనియన్‌లో చేరినప్పుడు, బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మాత్రమే కొత్తవారికి వెంటనే ఉద్యోగాల తలుపు తెరిచాయి. జర్మనీ, ఆస్ట్రియా ఏడేళ్ళు ఆగాయి. తలుపు తెరిచిన చోటికి పోలండ్, లిథువేనియా, లాట్వియాల నుంచి యువతరం కదిలి వెళ్ళింది. 1989లో దాదాపు 27 లక్షలు ఉన్న లాట్వియా జనాభా ఇప్పుడు 19 లక్షల లోపు. బల్గేరియాలో అదే కాలంలో తొంభై లక్షల దగ్గర నుంచి అరవై అయిదు లక్షలకు పడిపోయింది. జననాలు తగ్గడం, వలస రెండూ దీనికి కారణాలే. డాక్టరు వెళ్ళిపోయిన ఊరిలో మిగిలిన ముసలివారికి స్వేచ్ఛాసంచారం గురించి గొప్పగా చెప్పలేము. వెళ్ళిన డాక్టరుకు వెళ్ళే హక్కు ఉన్నది, దానిని నేను తప్పు పట్టను. అయితే ఆ డాక్టరు చదువుకు డబ్బు పెట్టిన దేశానికి, ఆ చదువు ఫలం అందుకున్న సంపన్న దేశం ఏమి తిరిగి ఇస్తున్నదన్న ప్రశ్న యూరోపియన్ సంఘీభావం గురించి మాట్లాడే ప్రతిచోటా ముందు రావాలి. అది రావడం లేదు.

వచ్చినవారి మీద కోపం మాత్రం సులభంగా వచ్చింది. 2005లో ఫ్రాన్స్ యూరోపియన్ రాజ్యాంగ ఒప్పందం మీద ఓటు వేసినప్పుడు, తక్కువ కూలికి వచ్చి పని లాక్కుపోయే పోలిష్ ప్లంబర్ అనే బొమ్మను ప్రచారంలో నిలబెట్టారు. 55 శాతం మంది వద్దన్నారు. 2016 జూన్ 23న బ్రిటన్‌లో 51.9 శాతం మంది యూనియన్ నుంచి బయటకు ఓటు వేయడానికి ముందు జరిగిన వాదనలో కూడా వలసే ముందు వరుసలో ఉన్నది. 2020 డిసెంబరు 31 రాత్రితో అక్కడ స్వేచ్ఛాసంచారం ముగిసింది. కోల్పోయినది ఒక్క వైపు వారే కాదు. బార్సిలోనాలో పనిచేయాలనుకున్న బ్రిటిష్ యువతికి ఆ మరునాటి నుంచి వీసా కావలసి వచ్చింది. పుట్టుకతో ఉన్న హక్కు ఒక్క రాత్రిలో అనుమతిగా మారడం ఎలా ఉంటుందో, అనుమతితోనే బ్రతుకుతున్న నాకు వారికన్నా కొంచెం ముందే అర్థమయిందనుకుంటాను. ఆ వార్త చదివిన రోజు నాకు వారి మీద నిజంగా జాలి కలిగింది.

ఇప్పుడు తనిఖీలు తిరిగి వస్తున్నాయి. 2015 సెప్టెంబరులో జర్మనీ ఆస్ట్రియా సరిహద్దులో మొదలుపెట్టింది. ఆ నవంబరులో పారిస్‌లో 130 మందిని చంపిన దాడులకు సన్నాహాలు బెల్జియంలో జరిగాయని తేలింది. ఆ భయం కల్పితం కాదు, దానిని తేలికగా తీసివేసే హక్కు ఎవరికీ లేదు. అయితే తాత్కాలికమని చెప్పి మొదలుపెట్టిన తనిఖీని ఆరు నెలలకోసారి పొడిగిస్తూ పోవడం వేరే సంగతి. కొత్త ముప్పు లేకుండా అలా పొడిగించరాదని 2022 ఏప్రిల్‌లో ఆస్ట్రియాకు సంబంధించిన కేసులో యూరోపియన్ న్యాయస్థానం స్పష్టంగా చెప్పింది. 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నింటి దగ్గరా తనిఖీలు పెట్టింది. ఆ జాబితాలో లక్సెంబర్గ్ కూడా ఉన్నది.

పోయిన శీతకాలంలో ఒక సాయంత్రం నేను ఎక్కిన రైలు ఫ్రాన్స్ సరిహద్దు దాటి మొదటి స్టేషనులో ఆగింది. యూనిఫాంలో ఉన్న ఇద్దరు పెట్టెలోకి ఎక్కి, వరసల మధ్య నెమ్మదిగా నడుస్తూ వచ్చారు. ముందు వరసలో ఒక నల్లజాతి యువకుడి దగ్గర ఆగారు, తరువాత తలకు గుడ్డ చుట్టుకున్న ఒకావిడ దగ్గర, తరువాత నా దగ్గర. మర్యాదగానే అడిగారు. కార్డు తిప్పి చూసి, రెండు నిమిషాల్లో తిరిగి ఇచ్చారు. నా పక్కన ఉన్నది ఇందాక చెప్పిన, పోర్చుగల్‌లో పుట్టిన సహోద్యోగే. రోజూ వచ్చే దారి కనుక ఆ రోజు ఆమె పర్సులో గుర్తింపు పత్రం ఏదీ లేదట. వారు వెళ్ళబోతుంటే ఆమె గొంతు పెంచి, "నన్ను ఎందుకు అడగలేదు?" అని నిలదీసింది. వారు జవాబు చెప్పకుండా తరువాతి పెట్టెలోకి వెళ్ళిపోయారు. ఆమె ముఖం ఎర్రబడింది. ఆమె దిగే స్టేషను వచ్చేవరకూ మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. దిగేముందు ఆమె నా చేయి పట్టుకొని, రేపటి నుంచి నేనూ కార్డు పెట్టుకొని వస్తాను, అడిగితే ఇద్దరినీ అడగమంటాను అన్నది.

ఈ ఖండంలో సరిహద్దు తిరిగి మొలవడం ఎంత సులభమో చూడాలంటే ఇటలీ, స్లొవేనియాల మధ్య గొరిత్సియాకు వెళ్ళాలి. 1947లో గీసిన గీత ఆ ఊరిని చీల్చింది. రైలు స్టేషను ఒక దేశంలో, దాని ఎదుటి చౌకు సగం మరో దేశంలో పడ్డాయి. 2004లో చౌకు మధ్యన ఉన్న కంచె తీసివేసి, గీత ఉన్న చోట నేల మీద గుండ్రటి ఫలకం పరిచారు. 2007 డిసెంబరులో స్లొవేనియా షెంగెన్‌లో చేరాక తనిఖీ కూడా పోయింది. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు అదే ఫలకం మీద మళ్ళీ కంచె లేచింది. దానికి ఇటువైపు, అటువైపు కుర్చీలు వేసుకొని మాట్లాడుకున్న మనుషుల ఫోటోలు ఆ రోజుల్లో చాలామంది చూసే ఉంటారు. ఆ కంచె పోయి, 2025లో స్లొవేనియా వైపున్న నోవా గొరిత్సాతో కలిసి ఆ ఊరు యూరోపియన్ సాంస్కృతిక రాజధాని అయింది. అయితే 2023 అక్టోబరులో ఇటలీ స్లొవేనియా సరిహద్దులో తిరిగి పెట్టిన తనిఖీలు ఆ ఉత్సవాల ఏడాదిలో కూడా సాగాయి. నేను వెళ్ళిన రోజు ఒక తాత ఆ ఫలకం మీద మనవరాలిని నిలబెట్టి, ఒక కాలు ఇటలీలో, ఒక కాలు స్లొవేనియాలో అని చెప్పి ఫోటో తీస్తున్నాడు. పాపకు అది ఆటగా తోచింది. తాత మాత్రం ఫోటో తీసి ఫోను దించాక కూడా చాలాసేపు ఆ నేలనే చూస్తూ నిలబడ్డాడు.

నాకు కావలసినది ఒకటే, దానిని సూటిగా చెబుతాను. ఒక సభ్య దేశంలో అయిదేళ్ళు చట్టబద్ధంగా నివసించిన బయటి దేశస్థులకు దీర్ఘకాలిక నివాస హోదా ఇచ్చే చట్టం 2003 నుంచి ఉన్నది. ఆ హోదా వచ్చాక, షరతుల మీద, మరో సభ్య దేశానికి మారవచ్చు. అయితే మామూలు ఉద్యోగ అనుమతి మీద ఉన్నవారికి ఆ అయిదేళ్ళూ ఒకే దేశంలో గడవాలి. నేను బెల్జియంలో మూడేళ్ళు పన్నులు కట్టి, ఇక్కడికి వచ్చి, మళ్ళీ సున్నా నుంచి లెక్క మొదలుపెట్టాను. నేను కదిలాను కనుక నా లెక్క పోయింది. కదలడమే యూరోపియన్ గుర్తింపుకు మూలమని చెప్పే చోట, కదిలినవాడి లెక్క తుడిచివేయడం నాకు మింగుడు పడని విషయం. వేర్వేరు దేశాల్లో గడిపిన ఏళ్ళను కలిపి లెక్కించాలని యూరోపియన్ కమిషన్ 2022 ఏప్రిల్‌లో ప్రతిపాదించింది. నేను ఇది రాస్తున్న నాటికి ఆ ప్రతిపాదన చట్టం కాలేదు. అది చట్టం కావాలి. నాకు ఇక్కడ అయిదేళ్ళు నిండటానికి ఇంకా పధ్నాలుగు నెలలు ఉన్నాయి. అప్పటివరకు పెర్ల్ వైపు నడిచి వెళ్ళినప్పుడల్లా కార్డు జేబులోనే ఉంటుంది.